పొగాకు వేలానికి డేటు ఉన్నట్టే సాఫ్ట్‌వేర్‌కీ ఒక డేటు ఉంటది: బీకాం చదివే అమ్మాయి నాన్నకి నా జవాబు

నమస్తే అన్నా. మీరు పంపిన వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. కొండపి పక్కన మీకు పొగాకు ఆకు కాల్చే రెండు బ్యారన్లు, అమ్మాయి ఒంగోలులో హాస్టల్లో ఉండి బీకాం సెకండియర్, ఇప్పుడేమో ఫెడోరా అనే సాఫ్ట్‌వేర్‌కి వాలంటీర్‌గా మార్కెటింగ్ చేస్తానంటోంది, రూపాయి జీతం లేదు, రాత్రి 8:30కి మీటింగులంట, చదువు దెబ్బతింటదేమో, అసలు దీనివల్ల రేపు ఉద్యోగం వచ్చిద్దా అని మీ భయం. చేయనీయండి అన్నా. కాకపోతే ఒక్క షరతు పెట్టండి, ఏ పని ఒప్పుకున్నా ముందు ఆ పని ఏ రోజుకి కావాలో కనుక్కుని, పక్కన తన పరీక్షల డేట్లు పెట్టుకుని, రెండూ తగులుకోవు అనుకుంటేనే సరే అనాలి. నేను చూసిన పిల్లల్లో ఇట్టాంటి పని మొదలుపెట్టి మధ్యలో మాయమైపోయినవాళ్ళు తెలివి లేక పోలేదు, ఈ లెక్క వేసుకోక పోయారు.

ఫెడోరా అంటే విండోస్ లాంటిదే, కంప్యూటర్ని నడిపించే సాఫ్ట్‌వేర్, లినక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పునాది మీద కట్టింది. వెనక రెడ్ హ్యాట్ అనే కంపెనీ అండ ఉంది గానీ పని చేసేవాళ్ళలో వాలంటీర్లు చాలామంది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, లోపలి కోడ్ కూడా చూసుకోవచ్చు, అందుకే ఓపెన్ సోర్స్ అంటారు. ఏడాదికి రెండు కొత్త వెర్షన్లు, ఏప్రిల్ దగ్గర ఒకటి, అక్టోబర్ దగ్గర ఒకటి.

ఇక్కడ మీకు నాకంటే బాగా తెలిసిన లెక్కే చెప్తాను. వేలం ఎప్పుడు మొదలయ్యిద్దో పొగాకు బోర్డు చెప్పిద్ది, మీరు కాదు. మీ చేతిలో ఉన్నదల్లా ఆ డేటు నుంచి వెనక్కి లెక్క పెట్టుకోవడమే, బేళ్లు ఎప్పటికి కట్టాలి, దానికి గ్రేడింగ్ ఎప్పుడు అవ్వాలి, దానికి కూలీల్ని ఎప్పుడు మాట్లాడుకోవాలి, ఇంకా వెనక్కి పోతే నాటు ఎప్పుడు, నారు ఎప్పుడు. సాఫ్ట్‌వేర్ రిలీజూ అంతే. మార్కెటింగ్ అనగానే రిలీజ్ రోజు ఫేస్‌బుక్‌లో పోస్టు పెట్టడం అనుకుంటారు పిల్లలు, అది చివరి గంట పని అన్నా, దానికి ముందు మూడు నాలుగు నెలల పని ఉంటది.

ముందు కొత్త వెర్షన్‌లో ఏమేం మారబోతున్నాయో జాబితా వస్తది, అది అందరూ చూసేట్టు బయటే పెడతారు. మార్కెటింగ్ వాళ్ళ మొదటి పని ఆ జాబితా చదివి, ఇందులో మామూలు మనిషికి పనికొచ్చేది ఏంది, కోడ్ రాసేవాళ్ళకి పనికొచ్చేది ఏంది అని నాలుగు ముక్కలు తేల్చడం. వాటినే టాకింగ్ పాయింట్స్ అంటారు. మీ అమ్మాయికి నేను ఇవ్వమనేది ఇదే పని, ఎందుకంటే దీనికి కోడ్ రానక్కర్లేదు, అర్థం కాని వాక్యం కనిపిస్తే ఆ మార్పు చేసిన మనిషినే అడగొచ్చు, పైగా రిలీజ్ ఇంకా దూరంగా ఉంటది కాబట్టి తప్పు రాసినా దిద్దడానికి టైమ్ ఉంటది. ఆ తర్వాత బీటా వస్తది, అంటే జనం ప్రయత్నించి చూడ్డానికి ఇచ్చే వెర్షన్, దాని తర్వాత నెలకి కాస్త అటూ ఇటూగా అసలుది.

ఈ మధ్యలో ఫ్రీజ్ అని ఒక మాట వింటది అమ్మాయి, దాన్ని బాగా పట్టుకోమనండి. ఫ్రీజ్ అంటే ఇక ఇక్కడి నుంచి కొత్త మార్పులు పెట్టం, తప్పులు సరిచేయడమే అని తాళం వెయ్యడం. ఫెడోరాలో మనకి కనిపించే డెస్క్‌టాప్ గ్నోమ్ అనే ఇంకో ప్రాజెక్టుది, వాళ్ళకి మార్చిలో ఒకటి సెప్టెంబర్లో ఒకటి రిలీజులు, వాళ్ళకీ స్క్రీన్ మీద కనిపించేవాటికి వేరే ఫ్రీజ్ ఉంటది. మరి స్క్రీన్‌షాట్లు తీసే పని ఉందనుకోండి, ఆ తాళం పడకముందే ఉత్సాహంగా యాభై తీసి పెట్టుకుంటే, ఆ తర్వాత ఒక బటన్ పక్కకి జరిగినా, వాల్‌పేపర్ మారినా అన్నీ మళ్ళీ తియ్యాలి. పక్వానికి రాని ఆకు కోసి బ్యారన్ ఎక్కించినట్టు అయిద్ది. రాసే పని ముందు పెట్టుకోవాలి, బొమ్మల పని తాళం పడ్డాక పెట్టుకోవాలి. ఈ ఒక్క వరస తెలిస్తే సగం రాత్రుళ్ళు మిగులుతాయి.

ఇంకోటి, ఆ రిలీజ్ డేటు వాయిదా పడొచ్చు. రిలీజ్‌కి ముందు వాళ్ళు గో, నో గో అని ఒక మీటింగ్ పెట్టుకుంటారు, పెద్ద తప్పు ఏదన్నా మిగిలి ఉంటే నో గో, డేటు వెనక్కి. మన వేలంలో ఎవరూ కొనక నో బిడ్ పడిన బేలు లాగే, ఇంటికి తెచ్చి సరిచేసి మళ్ళీ తీసుకుపోవాలి. ఫెడోరా 18 అయితే 2012 నవంబర్‌లో రావాల్సింది 2013 జనవరి 15కి వచ్చింది, ఇన్‌స్టాల్ చేసే భాగం కొత్తగా రాసి అది కుదురుకోక. ఫెడోరా 37 కూడా 2022 అక్టోబర్ అనుకుంటే, నెట్‌లో సమాచారం భద్రంగా పంపడానికి వాడే ఓపెన్ ఎస్ఎస్ఎల్‌లో భద్రత లోపం ఉందని తెలిసి ఆగి నవంబర్ 15న వచ్చింది. అట్టాగని ప్రతిసారీ వాయిదా పడదు, 2024లో ఫెడోరా లాంటిదే అయిన ఉబుంటు వాళ్ళు ఎక్స్‌జెడ్ అనే, ఫైళ్ళని కుదించే చిన్న సాఫ్ట్‌వేర్ ముక్కలో ఎవరో దొంగ దారి పెట్టారని బయటపడితే బీటా ఒక వారం వెనక్కి జరిపి, అసలు రిలీజ్ మాత్రం చెప్పిన ఏప్రిల్ 25నే ఇచ్చారు. కాబట్టి అమ్మాయి రాసే పోస్టుల్లో డేటు గట్టిగా వెయ్యకూడదు, ఆ చోటు ఖాళీగా ఉంచి గో అన్నాక నింపాలి. కాలేజీలో రిలీజ్ పార్టీ పెట్టాలనుకున్నా సరిగ్గా ఆ రోజుకే హాలు అడగొద్దు, రెండు వారాలు ఆగి అడగమనండి. అధికారిక ప్రకటన రాకముందు డౌన్‌లోడ్ లింకులు పంచడం కూడా తప్పు, ఫైళ్ళు ప్రపంచమంతా ఉన్న సర్వర్లకి చేరడానికి టైమ్ పట్టిద్ది, అవి నిండకముందే జనం ఎగబడితే కొందరికి ఆ ఫైలే దొరకదు.

ఇప్పుడు మీ అసలు భయం, పరీక్షలు. ఉన్నది ఉన్నట్టు చెప్తాను, ఫెడోరా ఏప్రిల్, అక్టోబర్ నెలలు మన డిగ్రీ సెమిస్టర్ పరీక్షలకి చాలాసార్లు దగ్గరగానే పడతాయి. రిలీజ్ వారం పనులు, అంటే ప్రకటన రోజు కూర్చుని జనం ప్రశ్నలకి జవాబులివ్వడం లాంటివి ఈ ఏడాది అమ్మాయి ఒప్పుకోకూడదు, నేను గట్టిగానే చెప్తున్నాను. జనవరి, ఫిబ్రవరి, అట్టాగే జూలై, ఆగస్టుల్లో చేసే రాత పనులు చాలు. లేదంటే లిబ్రే ఆఫీస్ అని ఉంది, వర్డ్, ఎక్సెల్ లాంటి పనులకి వాడే ఉచిత సాఫ్ట్‌వేర్, దాని పెద్ద రిలీజులు ఫిబ్రవరి, ఆగస్టు దగ్గర వస్తాయి, పరీక్షల గొడవ తక్కువ. బీకాం పిల్ల కాబట్టి లెక్కల షీట్లు తను రోజూ వాడేవే, వాటి గురించి రాస్తే ఆ రాతలో బలం ఉంటది. నన్నడిగితే ఫెడోరా కంటే ఇదే తనకి సరిపోయిద్దనిపిస్తది, కానీ ఫెడోరాలో ఇప్పటికే స్నేహితులు అయ్యుంటే మార్చమని బలవంతం చెయ్యొద్దు.

నాలుగేళ్ళ కింద నా దగ్గరకొచ్చిన ఒక అబ్బాయి గురించి చెప్పాలి, పేరొద్దు. ఒక ప్రాజెక్టులో చిన్న వీడియో చేస్తానని తనే చెయ్యెత్తాడు, మధ్యలో సప్లీలు వచ్చాయి, సిగ్గుపడి ఎవరికీ చెప్పకుండా ఊరుకున్నాడు, వాళ్ళు చివరి రోజు దాకా చూసి వీడియో లేకుండానే రిలీజ్ చేసుకున్నారు. ఎవరూ తిట్టలేదు. కానీ వాడు మళ్ళీ ఆ గ్రూపులోకి పోలేకపోయాడు, ఇప్పటికీ ఆ మాట వస్తే తల దించుకుంటాడు, నాకు బాధనిపిస్తది. మూడు వారాల ముందు "నావల్ల కావట్లేదు, ఇంతవరకు చేశాను, ఎవరైనా అందుకోండి" అని ఒక్క లైన్ రాసుంటే వాడి మర్యాద అట్టాగే నిలబడేది, ఇంకెవరో పూర్తి చేసేవాళ్ళు. వాలంటీర్ పనిలో ఆగిపోవడం తప్పు కాదన్నా, చెప్పకుండా ఆగిపోవడం తప్పు. ఈ ముక్క మీరే అమ్మాయికి చెప్పండి, నాన్న చెప్తే వేరు.

ఉద్యోగం సంగతి. దీనివల్ల ఉద్యోగం ఖాయం అని నేను చెప్పను. ఏం వచ్చిద్దంటే, తను రాసిన ప్రతి ముక్కా తన పేరుతో, డేటుతో సహా అందరికీ కనిపించేట్టు ఉంటది. మార్కెటింగ్, కంటెంట్ రాయడం, ప్రాజెక్ట్ కోఆర్డినేటర్ లాంటి ఉద్యోగాలకి ఇంటర్వ్యూకి పోయినప్పుడు "టీమ్ వర్క్ వచ్చు" అనే మాట కంటే, ఇదిగో ఈ రిలీజ్‌కి నేను ఇది రాశాను, ఈ డేటుకి ఇచ్చాను అని చూపిస్తే దాని బరువు వేరు. అవుట్రీచీ అని ఒక ఇంటర్న్‌షిప్ కూడా ఉంది, ఏడాదికి రెండు విడతలు, మూడు నెలలు, 7,000 డాలర్లు ఇస్తారు, కోడింగే కాకుండా ప్రాజెక్ట్ మార్కెటింగ్ పనులు కూడా అందులో ఉండొచ్చు. పోటీ ఎక్కువ, కాలేజీ లేని రోజులు కూడా సరిపడా ఉండాలి, అందుకని ఫైనలియర్ అయ్యే టైముకి చూసుకుంటే బాగుంటది. గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ అని ఎవరన్నా చెప్తే అది కోడ్ రాసేవాళ్ళది, మనకి కాదు. ఇక సర్టిఫికెట్‌కి రెండువేలు కట్టు, వాలంటీర్ ఐడీకి ఇంత కట్టు అని ఎవరన్నా ఫోన్ చేస్తే అది ఓపెన్ సోర్స్ కాదు, ఒక్క రూపాయి కట్టొద్దు.

రాత్రి మీటింగు గురించి కంగారేం లేదు. వాళ్ళు టైము యూటీసీలో, అంటే ప్రపంచమంతా లెక్కకి పెట్టుకున్న ఒకే టైములో చెప్తారు, మనకి ఐదున్నర గంటలు కలపాలి, 15:00 అంటే మనకి రాత్రి 8:30. హాస్టల్లో ఆ టైముకి భోజనాలు, స్టడీ అవర్ ఉంటే మానేయొచ్చు, చాలా మీటింగులు టైపు చేసుకునేవే, ఏం మాట్లాడుకున్నారో మొత్తం రాసి పెడతారు, తను చెప్పాల్సింది మధ్యాహ్నమే రాసి పెడితే చాలు. యూరప్, అమెరికా వాళ్ళు ఏడాదికి రెండుసార్లు గడియారం గంట మారుస్తారు, ఆ వారాల్లో ఒక్కోసారి మీటింగ్ గంట అటూ ఇటూ అయిద్ది, అది చూసుకోమనండి.

మీరు ఒంగోలు వచ్చిన రోజు అమ్మాయిని తీసుకుని రండన్నా. యూనివర్సిటీ పరీక్షల టైమ్‌టేబుల్, ఆ ప్రాజెక్టు రిలీజ్ షెడ్యూల్ రెండూ ప్రింట్ తీసి తెచ్చుకోమనండి, నా దగ్గర గోడ క్యాలెండర్ ఉంది, ముగ్గురం కూర్చుని గుర్తులు పెడదాం.