నెలకు సరిపడా వండి ఫ్రీజర్‌లో పెట్టుకోవచ్చు, పోపు మాత్రం ఆ పూటే పెట్టండి

మీ ప్రశ్న చదివాను. పెళ్లయి ఏడాది కాలేదు, ఇద్దరూ ఉద్యోగస్తులు, ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిదిన్నర. రోజూ బయట నుంచి తెప్పించుకుని కడుపు పాడవుతోంది. నెలకు సరిపడా ఒకేసారి వండి ఫ్రీజర్‌లో పెట్టుకుంటే కుదురుతుందా, రుచి పోదా, ఒంటికి మంచిదేనా అని అడిగారు. కుదురుతుంది. హైదరాబాద్‌లో మేమిద్దరం నాలుగేళ్లుగా ఇలాగే చేస్తున్నాం. అయితే ముప్పై కూరలు పూర్తిగా వండేసి ముప్పై డబ్బాల్లో సర్దేయాలని మీరు అనుకుంటున్నట్టుంది. ఆ పద్ధతి మాత్రం వద్దు. మా మొదటి నెల అలాగే పాడైంది.

మా ఆవిడ ఆసుపత్రిలో నర్సు. డ్యూటీలు వారం వారం మారిపోతాయి. నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఎవరు ఎప్పుడు ఇంట్లో ఉంటారో ముందే చెప్పలేం. అందుకే ఒక ఆదివారం ఇద్దరం కూర్చుని 26 డబ్బాలు నింపాం. బంగాళాదుంప కుర్మా, ముక్కలేసిన సాంబారు, గుత్తి వంకాయ, కోడిగుడ్ల పులుసు, మజ్జిగ పులుసు, ఇలా ఇష్టమైనవన్నీ చేశాం. నాలుగు రోజుల తర్వాత తను రాత్రి తొమ్మిదిన్నరకి డ్యూటీ దిగి వచ్చింది. నేను గుడ్ల పులుసు వేడి చేసి పెట్టాను. గుడ్డు తెల్లసొన రబ్బరు ముక్కలా సాగుతోంది, చుట్టూ నీళ్లు దిగాయి. రెండు ముద్దలు తిని పక్కన పెట్టేసి, ఆవకాయ, పెరుగు వేసుకుని అన్నం తినేసింది. ఒక్క మాట అనలేదు. రోజంతా నిలబడి పనిచేసి వచ్చిన మనిషికి అలాంటి కూర వడ్డించినందుకు నాకు చాలా బాధేసింది.

కూర గడ్డకట్టేటప్పుడు ముక్కలోని నీరు మంచు పలుకులుగా మారి లోపలి కణాల గోడల్ని చీల్చేస్తుంది. కరిగాక ఆ నీరంతా బయటికి వచ్చేస్తుంది. అందుకే బంగాళాదుంప స్పాంజిలా అవుతుంది, వంకాయ పేస్టైపోతుంది, సొరకాయ, దోసకాయ, ములక్కాడ చప్పబడిపోతాయి. పెరుగు, కొబ్బరిపాలు వేసినవి విరిగి నీళ్లు ఒకవైపు, పలుకులు ఒకవైపు అవుతాయి. వీటిని ఫ్రీజర్‌లోకి అసలు పంపకండి.

మా అమ్మది తెనాలి. ఆ నెలలో మా ఇంటికి వచ్చి డబ్బాలన్నీ చూసి, "నెల కిందటి కూర ఏంట్రా? పోపు కూడా ముందే పెట్టి దాచారా? ఇంగువ వాసన ఏమన్నా మిగులుతుందా?" అంది. మొదట కోపమొచ్చినా తర్వాత ఆలోచిస్తే ఆవిడ చెప్పిందే అసలు విషయమని అర్థమైంది. మన వంటలో రుచి ఎక్కువగా చివరి మూడు నిమిషాల్లోనే ఉంటుంది. ఆవాలు చిటపటలాడాలి, ఎండుమిర్చి రంగు తిరగాలి, కరివేపాకు నూనెలో పడాలి, చివర్లో కొత్తిమీర, నిమ్మకాయ. శ్రమంతా దానికి ముందు ఉంటుంది. ఉల్లిపాయలు తరగడం, వేయించడం, పప్పు ఉడికించడం, చింతపండు పిసకడం. కాబట్టి ముందే చేసి దాచాల్సింది ఆ శ్రమని. కూర మాత్రం ఆ పూటే పూర్తి చేయాలి. అప్పటి నుంచి మా ఇంట్లో ఇదే పద్ధతి.

మేం చేసేది రాత్రి భోజనం వరకే, నెలకు 22 నుంచి 24 పూటలకి. మిగిలిన రోజులు ఎలాగూ బయట తింటాం, లేదా ఎవరో ఒకరు భోజనానికి పిలుస్తారు. అన్నం ఏ రోజుకారోజు వండుకుంటాం. మనం ఇంటికొచ్చి కాళ్లూ చేతులూ కడుక్కునే లోపు కుక్కర్‌లో అయిపోయే పని అది.

మా నెల సరుకు చెప్తాను, ఇద్దరికి. ఉల్లిపాయలు 4 కిలోలు, టమాటాలు 4 కిలోలు, కందిపప్పు కిలో, చికెన్ 2 కిలోలు, కాబూలీ శనగలు అర కిలో, రాజ్మా అర కిలో, గోంగూర పది కట్టలు, చింతపండు పావు కిలో, కొబ్బరికాయలు మూడు. కూరగాయలు శనివారం పొద్దున ఎర్రగడ్డ రైతు బజార్‌లో కొంటాం.

అన్నిటికంటే ఉపయోగపడేది ఉల్లి టమాటా మసాలా. ఈ ఒక్కదానికీ ఓపిక పట్టండి. 4 కిలోల ఉల్లిపాయలు ఒకేసారి ఒకే మూకుడులో వేస్తే వేగవు, ఉడుకుతాయి. మేం రెండు మూకుళ్లలో రెండు విడతలుగా వేయిస్తాం. మొదటి ఇరవై నిమిషాలు ఏమీ జరగనట్టే ఉంటుంది, నీరే వస్తూ ఉంటుంది. ఆ నీరంతా ఇగిరాక రంగు మొదలవుతుంది, అక్కడి నుంచి గరిటె వదలకూడదు. బాగా ఎర్రబడ్డాక అల్లం వెల్లుల్లి, పసుపు, ఉప్పు, కారం, ధనియాల పొడి, టమాటాలు వేసి నూనె పైకి తేలేదాకా మగ్గించాలి. 8 కిలోల సరుకు చివరికి ఇంచుమించు 3 కిలోల ముద్ద అవుతుంది. దాన్ని పన్నెండు ప్యాకెట్లు చేస్తాం. ఒక్కో ప్యాకెట్ ఒక పూట కూర. ఉడికించిన శనగలు కలిపితే ఛోలే, రాజ్మా కలిపితే రాజ్మా, తాజాగా ఉడికించిన గుడ్లు వేస్తే గుడ్డు కూర, పనీర్ వేస్తే పనీర్ కూర. గరం మసాలా మాత్రం ముందే వేయకండి. లవంగం, మిరియం ఫ్రీజర్‌లో ఉంటే ఘాటు మారి కాస్త చేదెక్కుతాయి.

కందిపప్పుది తేలిక. కిలో పప్పు పసుపు వేసి గట్టిగా ఉడికించి, ఉప్పు కూడా వేయకుండా మెదిపి పన్నెండు భాగాలు చేస్తాం. రాత్రి దాంట్లో ఏది కలిపితే అదే. టమాటా పప్పు, దోసకాయ పప్పు, ఆకుకూర పప్పు, లేదంటే చింతపండు గుజ్జు, సాంబారు పొడి వేసి అప్పటికప్పుడు రెండు ముక్కలు ఉడికించుకుని సాంబారు. ఒకే పప్పు తింటున్నామని ఎప్పుడూ అనిపించలేదు. చింతపండు గుజ్జు ఐసు ట్రేలో పోసి, గడ్డకట్టాక ఆ ముక్కల్ని కవర్లో వేసుకుంటాం. రెండు ముక్కలు చారుకి, మూడు పులుసుకి. గోంగూర ఉడికించి ఎనిపి పెడితే చెక్కు చెదరదు. నా లెక్కలో ఫ్రీజర్ కోసమే పుట్టిన ఆకు అది, ఆ పులుపు ఎక్కడికీ పోదు. తురిమిన కొబ్బరి కూడా అంతే.

పూర్తిగా వండి పెట్టేది చికెన్ కూర ఒక్కటే, బంగాళాదుంప లేకుండా, కాస్త చిక్కగా. ఇడ్లీలు కూడా బాగుంటాయి. పిండి దాచేకంటే ఉడికిన ఇడ్లీలే దాచండి, ఆవిరి పట్టగానే మళ్లీ మెత్తబడతాయి. చపాతీలు సగం కాల్చి మధ్యలో బటర్ పేపర్ పెట్టి సర్దుతాం.

ఇక సర్దడం. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. మామూలు డబుల్ డోర్ ఫ్రిజ్‌లో ఫ్రీజర్ 60 నుంచి 80 లీటర్లు ఉంటుంది, అంతే. గుండ్రటి డబ్బాలు పెడితే చోటంతా వృథా. మందపాటి జిప్ కవర్లలో వేసి, గాలి తీసేసి, పళ్లెం మీద అట్టులా పల్చగా పరిచి గడ్డకట్టించండి. అంగుళం మందం దాటకూడదు. తర్వాత పుస్తకాల్లా నిలువుగా పేర్చుకోవచ్చు. చోటు కలిసి రావడం ఒక్కటే కాదు, పల్చగా ఉంటే త్వరగా గడ్డకడుతుంది. త్వరగా గడ్డకడితే మంచు పలుకులు చిన్నవిగా ఉండి ముక్క తక్కువ పాడవుతుంది. 1920లలో త్వరగా గడ్డకట్టించే పద్ధతిని వ్యాపారంగా మార్చిన అమెరికన్ క్లారెన్స్ బర్డ్స్‌ఐ ఈ కిటుకు ఇప్పటి కెనడాలోని లాబ్రడార్‌లో నేర్చుకున్నాడు. అక్కడి ఇన్యూట్ ప్రజలు పట్టిన చేపలు ఆ భయంకరమైన చలిగాలికి క్షణాల్లో బిగుసుకుపోయేవి, నెలల తర్వాత కరిగించినా తాజాగా ఉండేవి. మన వంటింట్లో అంత చలి ఎక్కడా రాదు కాబట్టి పల్చగా పరచడమే మన చేతిలో ఉన్న ఉపాయం. డబ్బాల్లోనే పెడితే పైన అంగుళం ఖాళీ వదలండి. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం పెరుగుతుంది, నిండుగా పోసిన గాజు సీసాలు పగులుతాయి. ప్రతి కవరు మీద పేరు, తేదీ ఆరిపోని మార్కరుతో, నింపకముందే రాయండి. తడి కవరు మీద ఇంకు పట్టదు, గడ్డకట్టాక ఎర్రటివన్నీ ఒకేలా కనిపిస్తాయి.

ఒంటికి మంచిదా అన్నారు కదా. ఈ భాగంలో మా ఆవిడ మాటే మా ఇంట్లో చట్టం. మైనస్ 18 డిగ్రీల దగ్గర సూక్ష్మజీవులు పెరగవు, కానీ చావవు. కరిగి వేడెక్కగానే మళ్లీ పెరుగుతాయి. కాబట్టి వండాక చల్లార్చడం దగ్గర, కరిగించడం దగ్గర జాగ్రత్త పడాలి. పెద్ద గిన్నె స్టవ్ పక్కన సాయంత్రం దాకా వదిలేయకూడదు. వెడల్పాటి పళ్లేల్లో పరిచి, లేదా గిన్నెని ఐసు నీళ్ల టబ్బులో పెట్టి కలుపుతూ చల్లార్చి, రెండు గంటల లోపు లోపల పెట్టేయాలి. వేడివేడిగా పెడితే పక్కనున్నవి కరుగుతాయి. అన్నీ ఒకే రోజు కుక్కినా ఇంటి ఫ్రీజర్ తట్టుకోలేదు. అందుకే మేం పప్పు, శనగలు, రాజ్మా, గోంగూర శనివారం, మసాలా, చికెన్ ఆదివారం చేస్తాం. కరిగించడానికి ముందు రోజు రాత్రే ఫ్రీజర్ నుంచి ఫ్రిజ్ కింది అరలోకి మార్చాలి, ముఖ్యంగా చికెన్. గట్టు మీద పెట్టి కరిగించొద్దు. పల్చటి మసాలా, పప్పు అయితే మర్చిపోయినా పర్వాలేదు, గడ్డనే నేరుగా మూకుట్లో వేసి కాసిని నీళ్లు పోస్తే పది నిమిషాల్లో మరుగుతుంది. ఏదైనా బాగా మరిగించాలి. ఒకసారి కరిగించింది తిరిగి గడ్డకట్టించొద్దు.

కరెంటు భయం కూడా ఉంటుంది. తలుపు తీయకపోతే నిండుగా ఉన్న ఫ్రీజర్ దాదాపు 48 గంటలు, సగం నిండింది 24 గంటలు చల్లగా ఉంటుంది. మామూలు కోతలకి టెన్షన్ పడక్కర్లేదు. మేం ఊరెళ్లేటప్పుడు చిన్న గిన్నెలో నీళ్లు గడ్డకట్టించి, పైన రూపాయి బిళ్ల పెట్టి వెళ్తాం. వచ్చేసరికి బిళ్ల మంచు లోపలికి దిగిపోయి ఉంటే మధ్యలో కరిగి మళ్లీ గడ్డకట్టిందని అర్థం. పోయిన ఎండాకాలం ఒకసారి అలా అడుగున కనిపించింది. ప్రాణం ఉసూరుమన్నా అన్నీ పారేశాం.

మీరు అడగకపోయినా ఇంకో మాట చెప్పాలి. ఇది ఒక్కరి మీద పడితే రెండో నెలకే ఆగిపోతుంది. మా ఇంట్లో ఉల్లిపాయలు తరగడం, వేయించడం నావి. ఉడికించడం, చల్లార్చడం, కొలిచి కవర్లలో నింపడం తనవి. గిన్నెలు తోమడం ఇద్దరిదీ, అది రేపటికి వాయిదా వేయం. రెండు రోజులూ కలిపి ఎనిమిది గంటలు పడుతుంది. వారమంతా వేరువేరు డ్యూటీల్లో ఉండి సరిగ్గా మాట్లాడుకోవడం కూడా కుదరని మాకు ఆ ఎనిమిది గంటలు ఎంతో ఇష్టం. ఇంటి అద్దె నుంచి పిల్లల ఆలోచన దాకా మేం తేల్చుకున్నవి చాలావరకు ఆ ఉల్లిపాయల ముందు కూర్చునే తేల్చుకున్నాం. ఈ నెల తనది నైట్ డ్యూటీ అయితే మొత్తం నేనొక్కడినే చేసేస్తానని ఎప్పుడూ అనను, ఒక వారం వాయిదా వేస్తాం.

మీరు మొదటిసారే నెలంతటికీ చేయొద్దు. వచ్చే ఆదివారం అర కిలో కందిపప్పు, 2 కిలోల ఉల్లిపాయల మసాలా, చింతపండు గుజ్జు, ఈ మూడే చేసి రెండు వారాలు వాడి చూడండి. మీ ఫ్రీజర్ ఎన్ని లీటర్లో, మాంసాహారం తింటారో లేదో రాయండి. దాన్నిబట్టి ఏది ఎన్ని ప్యాకెట్లు చేసుకోవాలో లెక్క వేసి చెప్తాను.