మీ అమ్మాయి ఎంచుకున్న దారిలో చదువూ ఉంది, ఉద్యోగమూ ఉంది

ప్రశ్న: మాది శ్రీకాళహస్తి. మా అమ్మాయి తిరుపతిలో బీటెక్ సీఎస్ఈ మూడో సంవత్సరం. క్యాంపస్ సెలక్షన్లు వద్దట. యానాది కాలనీల వాళ్లతో కలిసి ఆరోగ్యానికి పనికొచ్చే యాప్‌లు తయారుచేస్తానంటోంది. అలాంటి చదువు, ఉద్యోగం నిజంగా ఉన్నాయా? – ఒక తండ్రి

జవాబు: ఉన్నాయండీ. ఈ పద్ధతిని పార్టిసిపేటరీ డిజైన్ అంటారు. 1970లలో నార్వేలో క్రిస్టెన్ నైగార్డ్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త లోహ కార్మికుల యూనియన్‌తో కలిసి పనిచేశారు. ఫ్యాక్టరీలోకి వచ్చే కంప్యూటర్ ఎలా ఉండాలో అక్కడ పనిచేసేవాళ్లూ చెప్పాలన్నది ఆ ప్రయత్నం. ఇప్పుడు ఈ పద్ధతి అవసరం ప్రజారోగ్యంలో చాలా ఉంది.

ఎందుకో చూడండి. గర్భిణులకు చెకప్ తేదీ గుర్తుచేసే యాప్ చేశామనుకుందాం. ఇంటికి ఒకటే ఫోను, అదీ భర్త దగ్గర. ఆయన చేపలకో, ఇటుక బట్టీకో వెళ్తే ఫోనూ ఆయన వెంటే పోతుంది. రీచార్జ్ అయిపోతే అంతే సంగతులు. మెసేజ్ చేరినా, చదవడం రాని తల్లికి దాంతో ఏం ఉపయోగం? ఆ తల్లుల్నీ ఆశా కార్యకర్తనీ ఏఎన్ఎంనీ ముందే కూర్చోబెట్టి అడిగితే ఇవన్నీ బయటికొస్తాయి. అక్షరాలొద్దు, ఫోన్ చేసి తెలుగులో చెప్పండి అంటారేమో. కాలనీలో ఫలానా అక్కకు చెబితే చాలు, అందరికీ చేరుతుందంటారేమో. అప్పుడు యాప్ అక్కర్లేదని ఒప్పుకోవడం కూడా ఈ వృత్తిలో భాగమే. ఛత్తీస్‌గఢ్‌లో 2010లో మొదలైన సీజీనెట్ స్వర అనే ఫోన్ సేవకు స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు. మామూలు ఫోన్లోనే ఊరివాళ్లు తమ సమస్య చెప్పి రికార్డు చేస్తారు, మిగతావాళ్లు వింటారు.

మీటింగుకు వచ్చిన మనిషికి ఆ రోజు కూలి పోతుంది. అది కట్టివ్వాలి. వాళ్ల జబ్బుల వివరాలు ఎవరు చూస్తారో ముందే చెప్పాలి. ఇవి చేయకుండా ఫొటోలు దిగి వచ్చేస్తే అది ప్రాజెక్టు రిపోర్టుకు తప్ప ఎవరికీ పనికిరాదు.

చదువు విషయానికొస్తే, మీ అమ్మాయికి దగ్గరి దారి ఎం.డిజైన్, అంటే డిజైన్‌లో పీజీ. సీడ్ అనే ప్రవేశ పరీక్ష రాసి ఐఐటీ బాంబే, ఐఐటీ హైదరాబాద్ లాంటి చోట్ల చేరొచ్చు. పరీక్ష సాధారణంగా జనవరిలో ఉంటుంది, ఫైనలియర్ వాళ్లూ రాయొచ్చు. రెండోది ప్రజారోగ్యంలో పీజీ, అంటే ఎం.పి.హెచ్. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో, ముంబయిలోని టిస్‌ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్)లో ఉంది. ఇంజనీరింగ్ వాళ్లను ఏ కోర్సులో తీసుకుంటారో నోటిఫికేషన్‌లో చూసుకోండి. నా ఓటు ఎం.డిజైన్‌కే. ఆరోగ్య వ్యవస్థ ఎలా నడుస్తుందో పీహెచ్‌సీల చుట్టూ తిరిగితే చాలావరకు తెలుస్తుంది. జనంతో కలిసి డిజైన్ చేయడం మాత్రం గురువు దగ్గర నేర్చుకోవాల్సిన పని.

ఉద్యోగాలు స్వచ్ఛంద సంస్థల్లో, పరిశోధన ల్యాబుల్లో, ఆశా కార్యకర్తల కోసం సాఫ్ట్‌వేర్ తయారుచేసే డిమాగి లాంటి కంపెనీల్లో ఉంటాయి. చాలావరకు కాంట్రాక్టువే. పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీల జీతం మొదట్లో ఆశించకండి. ఎడ్యుకేషన్ లోన్ భారంగా ఉంటే క్యాంపస్ ఉద్యోగం వదలొద్దు. యాప్‌లు వాడేవాళ్లకు సులువుగా ఉండేలా చూసే యూఎక్స్ విభాగంలో రెండేళ్లు చేసి అప్పు తగ్గించుకుని వెళ్లమనండి, ఆ అనుభవం ఇక్కడ అక్కరకొస్తుంది. లోన్ లేకపోతే ఆపకండి. ఫైనలియర్ ప్రాజెక్టు దీనిమీదే చేయమనండి. మీ దగ్గరి పీహెచ్‌సీ డాక్టర్‌ను కలిసి, అనుమతి తీసుకుని, కొన్నాళ్లు ఆశా కార్యకర్త వెంట తిరగమనండి. కోడ్ ఆ తర్వాత రాయొచ్చు.