టోపీని డిక్కీలో పెట్టకు బిడ్డా

బిడ్డా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి పావుగంట సేపు నీ మీద ఫిర్యాదే చేసింది. మొదటి జీతంలో సగం పాత టోపీలకు పెట్టావట. ఒకటి ఇటలీదట, ఒకటి అమెరికాదట. రోజూ పెట్టుకునే ఆఫీసుకు పోతానంటున్నావట. "నల్లగొండలో ఆడపిల్ల టోపీ పెట్టుకుని తిరిగితే నలుగురూ ఏమంటారు నాన్నా, నువ్వైనా చెప్పు" అంది. చెప్తానన్నాను. ఏం చెప్తానో మాత్రం చెప్పలేదు.

ముందు ఆ నలుగురి సంగతి. క్లాక్ టవర్ దగ్గర పది రోజులు చూస్తారు, నవ్వేవాళ్లు నవ్వుతారు. పదకొండో రోజు వాళ్ల పని వాళ్లకుంటుంది. మా నాన్న దొర గడీ ముందు నుంచి పోవాలంటే తలగుడ్డ విప్పి నడుముకు చుట్టుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని పోయేవాడు. ఆయన మునిమనవరాలు నడిబజార్లో నెత్తిన టోపీతో పోతానంటోంది. ఫోన్ పెట్టేశాక నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. ఈ ముక్క మీ అమ్మకు చదివి వినిపించకు.

ఇక పని మాటలు. కొనేముందు తల కొలుచుకో. టేపు నుదుటి మధ్య నుంచి, చెవుల పైనుంచి పోవాలి. అమెరికా కొలతలో ఏడుంపావు సైజంటే దాదాపు 58 సెంటీమీటర్లు. ఫెల్ట్ అంటే నేయకుండా బొచ్చును అదిమి చేసే దళసరి గుడ్డ. అందులో ఉన్నిది చవక, గట్టి వాన తగిలితే చాప చుట్టేస్తుంది. కుందేలు బొచ్చుతోనో బీవర్ అనే నీటిజంతువు బొచ్చుతోనో చేసింది ఖరీదెక్కువే గానీ తడిసినా ఆరాక మళ్లీ దారికొస్తుంది. ఎత్తేటప్పుడు అంచు పట్టుకుని ఎత్తు, పైన గుంటలు పడ్డచోట వేళ్లతో గిల్లి పట్టుకుంటే అక్కడే చిరుగుతుంది. బల్ల మీద వెల్లకిలా పెట్టు, బోర్లా పెడితే అంచు వంగిపోతుంది. దుమ్ము దులిపేది మెత్తటి బ్రష్‌తో, నూగు ఏ దిక్కుకు వాలి ఉందో ఆ దిక్కుకే.

మరీ పాతవి కొంటే ఒక జాగ్రత్త. ఒకప్పుడు బొచ్చును ఫెల్ట్ చేయడానికి పాదరసం మందు పట్టించేవారు. ఆ పనిచేసిన వాళ్లకు చేతులు వణికేవి, మతి చెడేది. అమెరికాలో 1941లో గానీ దాన్ని ఆపలేదు. అంతకుముందు చేసిన టోపీల్లో అది ఇంకా మిగిలి ఉండొచ్చు. అలాంటిదాన్ని వంటింట్లో కుక్కర్ ఆవిరికి పట్టి సరిచేయాలని చూడకు. దులపాలన్నా బయట వాకిట్లో దులిపి చేతులు కడుక్కో. నీకు నవ్వులాట కావచ్చు, నాకు మాత్రం ఇది టెన్షనే.

తలకు నూనె. మీ అమ్మమ్మ సంగతి తెలుసుగా, ఆదివారం వచ్చిందంటే అరసీసా కొబ్బరినూనె నీ నెత్తిన పోసిగానీ కదలదు. తలంటుకునే దాకా టోపీ ముట్టుకోకు. నూనె మరక టోపీ లోపలి తోలుపట్టీ దాటి ఫెల్ట్‌లోకి ఎక్కిందంటే మళ్లీ దిగదు.

ఇప్పుడు అసలు మాట. స్కూటీ మీద పోతావు, హెల్మెట్ తప్పదు. మరి టోపీ ఎక్కడ పెడతావు? డిక్కీలో, అవునా? కింద ఇంజను, పైన మన ఎండ. చచ్చినా పెట్టకు. ఎందుకో చెప్తాను. ఇది మీ అమ్మమ్మకు కూడా పూర్తిగా తెలియదు.

నేను సాగర్ ఎడమ కాలువ మీద వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేరిన కొత్త. మా ఇంజనీరు సారు నెత్తిన ఎప్పుడూ ఒక గోధుమరంగు ఫెల్ట్ టోపీ ఉండేది. ఎండైనా, దుమ్మైనా అదే. ముసలి మేస్త్రీ ఎదురైనా అది తీసి ఛాతీకి ఆనించుకుని మాట్లాడేవాడు. మనకు తలగుడ్డ తీయడమంటే తల వంచడం. ఆయనకు అది ఎదుటి మనిషికిచ్చే మర్యాద. కూలీలు మొదట్లో కంగారుపడి తమ తువ్వాళ్లు కూడా తీసేసేవాళ్లు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఆ నెలలోనే సారుకు బదిలీ అయింది. పోతూ పోతూ టోపీ తీసి నా నెత్తిన పెట్టాడు. కొంచెం వదులే, లోపల పట్టీ కింద కాగితం మడిచి పెట్టుకున్నాను. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. ఆ వారం నేను సైకిల్ తొక్కిన తీరు చూస్తే నువ్వు పడీపడీ నవ్వేదానివి.

సరిగ్గా వారానికి వాన పట్టుకుంది. కాలువ గట్టు నుంచి గదికి వచ్చేసరికి టోపీ నీళ్లు కారుతోంది. తెల్లారి మళ్లీ పెట్టుకోవాలన్న ఆత్రం. కుంపటి రాజేసి, పక్కన పీట మీద బోర్లించి పడుకున్నాను. పొద్దున లేచి చూస్తే తోలుపట్టీ కాలిన అప్పడంలా ముడుచుకుని ఫెల్ట్‌ను లోపలికి లాగేసింది. నెత్తిన పెడితే కొబ్బరిచిప్పలా పైనే ఆగింది. గొంగడికి నేత ఉంటుంది, దీనికి నేతే లేదు. తడి, వేడి, రాపిడి తగిలి బొచ్చు చిక్కుపడితేనే అది ఫెల్ట్. తడిగా ఉన్నప్పుడు మళ్లీ వేడి చూపించానా, ఇంకా బిగుసుకుపోయింది. అది తెలియక ఇత్తడి చెంబు మీదికి బలవంతాన లాగాను. పట్టీ పటుక్కున తెగింది.

అంతవరకు చేసింది తెలివితక్కువ పని. తప్పు ఆ తర్వాత చేశాను. ఎవరికీ చూపించకుండా వేపాకు వేసి, గుడ్డలో చుట్టి ట్రంకుపెట్టె అడుగున దాచేశాను. మరుసటేడు సారు తూము చూడటానికి వచ్చాడు. జీపు దిగుతూనే "నా టోపీ ఏదోయ్?" అన్నాడు. "పండక్కి పెట్టుకుందామని దాచుకున్నా సార్" అన్నాను. ఆయన నా నెత్తిన ఉన్న తువ్వాలు చూశాడు. "దాచుకోవడానికా ఇచ్చింది?" అని నవ్వి కాలువ దిక్కు నడిచాడు. అప్పటికప్పుడు తెచ్చి చూపిస్తే తిట్టేవాడు, ఆ తర్వాత తనే కూర్చుని ఆవిరి పట్టి, సాగదీసి, ఏదో ఒకటి చేసేవాడు. చూపించలేదు. ఆ తర్వాత ఆయన నాకు కనబడలేదు. ఏడేళ్లకు ట్రంకు తెరిస్తే టోపీ జల్లెడైంది. తెల్లటి పురుగులు, ఇసుకలాంటి రెట్ట. వేపాకు ఎండి పొడైపోయింది, దాన్ని పురుగు లెక్కే చేయలేదు.

చిమ్మటకు కావలసింది చీకటి, కదలిక లేని చోటు. ఎగిరేది తినదు, దాని పిల్లపురుగు తింటుంది. అందుకే రోజూ పెట్టుకుంటానన్నావని తెలిసి నాకు ప్రాణం లేచొచ్చింది. రోజూ గాలీ వెలుతురూ తగిలే టోపీకి పురుగు భయం తక్కువ. కొత్తగా వచ్చిన పాత టోపీని మాత్రం పాలిథిన్ కవర్లో గట్టిగా కట్టి వారం పాటు డీప్ ఫ్రీజర్‌లో పెట్టు. మీ అమ్మ అరుస్తుంది, నా పేరు చెప్పు. తడిస్తే లోపలి పట్టీ బయటికి తిప్పి, నీడలో, ఫ్యాన్ గాలికి వదిలెయ్. రెండు రోజులు పట్టనీ. అందుకే ఒకటి కాదు, రెండు మూడు ఉంచుకుని మార్చి మార్చి పెట్టుకో. స్కూటీ మీద కాళ్ల దగ్గర అట్టపెట్టెలో పెట్టుకుపో. ఆఫీసుకు చేరాక ఎండలో ఉన్న బండి మీద వదలకుండా వెంట తీసుకుపో. మే నెలలో పదిన్నర దాటాక ఫెల్ట్ వద్దు, వడదెబ్బ తగిలితే మీ అమ్మ నన్ను తిడుతుంది.

ఏదైనా చెడితే నాకు చూపించు. ఎంత పాడుచేసినా సరే, దాచకు.

కవర్లో ఒక రిబ్బన్ పెట్టాను. సారు టోపీకి చుట్టూ ఉన్నది. నూలుదో ఏమో, పురుగు దాన్ని ముట్టలేదు. ఒకచోట రంగు వెలిసింది, ముడి దగ్గర మాత్రం ఇంకా అసలు రంగే. నీ ఇటలీ టోపీకి చుట్టి చూడు. పొడవు చాలకపోతే ఊరికే ఉంచుకో, ట్రంకులో మాత్రం పెట్టకు.

ఆదివారం పొద్దున బస్సుకు వస్తున్నాం. మీ అమ్మమ్మ సంచిలో నూనెసీసా ఉంది. నేను చూశాను.

మీ తాత,
మిర్యాలగూడ