ఇనప పొడితో మోటారు చేయబోతున్న మేనకోడలికి

పర్లాకిమిడి

చిరంజీవి మేనకోడలికి, మావయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం, దాంతో పంపిన బొమ్మలు అందాయి. బొమ్మలు రెండుసార్లు చూశాను. రెండోసారి మన మోటారు రివైండింగు షాపు మూసేశాక, లైటు కింద స్కేలు పెట్టి కొలుచుకుంటూ చూశాను. చోళ్లు, సామలు ఆడే చిన్న మర, బ్యాటరీ మీద నడవాలి, ఒకరు మోసుకుని కొండెక్కగలిగేలా ఉండాలి అన్నావు. ఆ ఆలోచన నాకు ఎంత నచ్చిందో మాటల్లో చెప్పలేను. గుమ్మ వైపు నుంచి, సెరంగో వైపు నుంచి సవరవాళ్లు కాలిపోయిన మర మోటార్లు మోసుకుని నా దగ్గరికి వస్తారు. కరెంటు లైను చివర వోల్టేజి పడిపోతుంది, రోలర్లో గింజ ఇరుక్కుంటుంది, మోటారు ఆంపియర్లు లాగి లాగి వైండింగు నల్లబడిపోతుంది. ఇరవై కిలోల ఇనుమును కొండ దింపి, మళ్లీ ఎక్కించాలి. వాళ్ల కోసం నువ్వు ఏదైనా చేస్తానంటే నేను అడ్డు చెప్పను. కానీ నువ్వు గీసిన మొదటి బొమ్మకు మాత్రం అడ్డు చెబుతున్నాను.

ఆ బొమ్మలో నువ్వు చేసిందేమిటంటే, పాత నాలుగు పోళ్ల (అయస్కాంత ధ్రువాల) ఇండక్షన్ మోటారునే తీసుకుని, స్టాంపింగులు, అంటే తీగ చుట్టే కోరు కోసం కోసిన ఉక్కు రేకులు, పేర్చే చోట ఇనప పొడి అని రాశావు. ఆకారం అదే, సరుకు మాత్రం మారింది. ఈ పొడితో మొదలుపెట్టే ప్రతివాళ్లూ చేసే పొరపాటు ఇదే. పొడి వాడదలచుకుంటే ముందు ఆకారం మారాలి. ఆకారం మారదంటే రేకులే వాడు, హాయిగా ఉంటుంది.

ఎందుకో చెబుతాను. రేకుల్లో ఏం జరుగుతుందో నీకు తెలుసు. అర మిల్లీమీటరు సిలికాన్ స్టీలు రేకు మీద సన్నటి పూత ఉంటుంది. రేకుకీ రేకుకీ మధ్య కరెంటు దాటదు కాబట్టి ఇనుములోనే పుట్టి దాన్ని వేడెక్కించే సుడి కరెంట్లు చిన్న చిన్న తోవల్లోనే తిరిగి ఆగిపోతాయి. పొడిలో ఆ పూత రేకుకు కాదు, ఒక్కో రేణువుకే ఉంటుంది. శుద్ధమైన ఇనుము రేణువులు, ఒక్కోదాని చుట్టూ కంటికి కనబడని ఇన్సులేషన్ పొర. వాటిని డైలో పోసి 600 నుంచి 800 మెగాపాస్కల్ ఒత్తిడితో నొక్కుతారు. తర్వాత సుమారు 500 డిగ్రీల దగ్గర వేడి చేస్తారు. అంతే. మామూలు పొడి లోహం పనిలోలాగ 1100 డిగ్రీలు దాటించి రేణువులను ఒకదానికొకటి అతికించకూడదు. అలా చేస్తే పూత పోయి అది మామూలు ఇనప ముద్ద అయిపోతుంది. ఆ 500 డిగ్రీల వేడి ఎందుకంటే, నొక్కినప్పుడు రేణువుల్లో పడ్డ బిగువు సడలడానికి. అది సడలితే హిస్టరీసిస్ నష్టం, అంటే అయస్కాంతం దిక్కు మారినప్పుడల్లా ఇనుములో వేడిగా పోయే శక్తి, తగ్గుతుంది. తక్కువ వేడి చేస్తే బిగువు ఉండిపోతుంది, ఎక్కువ చేస్తే పూత చిరుగుతుంది. కచ్చితంగా ఎంత వేడి, ఎంతసేపు, ఏ గాలిలో అన్నది పొడి అమ్మినవాళ్లు ఇచ్చే కాగితంలో ఉంటుంది. దాన్ని అక్షరం పొల్లుపోకుండా పాటించు. స్వీడన్‌లోని హోగనాస్ కంపెనీ సోమలాయ్ పేరుతో అమ్మే పొడిలోనే రకాలు ఉన్నాయి, ఒక రకానికి చెప్పిన వేడి ఇంకో రకానికి పనికిరాదు.

ఇదేదో నిన్నగాక మొన్న వచ్చిన సరుకు అనుకోకు. టెలిఫోన్ లైన్లలో వాడే లోడింగ్ కాయిళ్ల కోసం నొక్కిన ఇనప పొడి కోర్ల గురించి అమెరికాలో స్పీడ్, ఎల్మెన్ అనే ఇంజనీర్లు 1921లోనే రాశారు. మోటార్లలోకి గట్టిగా వచ్చింది మాత్రం తర్వాత చాలా కాలానికి, ఇంగ్లండులో న్యూకాజిల్ విశ్వవిద్యాలయంలో అలన్ జాక్ లాంటివాళ్లు దీనికి తగ్గ ఆకారాలు వెతకడం మొదలుపెట్టాక.

ఇప్పుడు నీ బొమ్మ దగ్గరికి వస్తాను. పర్మియబిలిటీ, అంటే గాలికంటే ఎన్ని రెట్లు సులువుగా అయస్కాంత రేఖలను పోనిస్తుందన్న లెక్క, పొడికి వందల్లో ఉంటుంది, మంచి రేకుకు వేలల్లో. లెక్క వేసి చూడు. అయస్కాంత రేఖలు ఇనుములో 100 మిల్లీమీటర్లు నడుస్తాయనుకో. పొడికి 500 వేసుకుంటే ఆ దారి 0.2 మిల్లీమీటర్ల గాలితో సమానం. నీ ఇండక్షన్ మోటారులో తిరిగే భాగానికీ కదలని భాగానికీ మధ్య గాలి సందు 0.3, రెండుసార్లు దాటాలి కాబట్టి 0.6. దానికి ఇంకో 0.2 కలిపావంటే మోటారు ఖాళీగా తిరిగేటప్పుడు లాగే కరెంటు మూడో వంతు పెరిగిపోతుంది. అదే అయస్కాంతాలు అతికించిన మోటారు అయితే? అయస్కాంతం మందం 5, సందు 1. అయస్కాంతం కూడా దాదాపు గాలితో సమానమే కాబట్టి ఒక్క వైపునే 6 మిల్లీమీటర్లు అయింది. అందులో 0.2 ఏ మూలకి? అందుకే పొడికి, పర్మనెంట్ మాగ్నెట్‌కి జోడీ కుదురుతుంది. పొడికి, ఇండక్షన్‌కి కుదరదు.

రెండోది హెర్ట్జ్ లెక్క. దీన్ని పెన్సిలు పట్టకముందే వేసుకోవాలి. పోళ్ల సంఖ్యను ఆర్‌పీఎంతో గుణించి 120తో భాగించు. నాలుగు పోళ్లు, 1500 అంటే 50 హెర్ట్జ్. 50 హెర్ట్జ్ దగ్గర పొడిలో నష్టం మంచి రేకు కంటే రెండు మూడు రెట్లు ఎక్కువ. అక్కడ సుడి కరెంట్లది చిన్న వాటా, హిస్టరీసిస్‌దే పెద్ద వాటా. పొడి నెగ్గేది సుడి కరెంట్ల దగ్గరే కదా. ఫ్రీక్వెన్సీ రెట్టింపు అయితే హిస్టరీసిస్ రెట్టింపు అవుతుంది, సుడి కరెంట్ల నష్టం నాలుగింతలు అవుతుంది. కాబట్టి పైకి పోయేకొద్దీ రేకు వెనకబడుతుంది. అర మిల్లీమీటరు రేకుని దాటాలంటే కొన్ని వందల హెర్ట్జ్ కావాలి, 0.35 రేకుని దాటాలంటే ఇంకా పైకి పోవాలి. మీ అన్నయ్య బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని, అయస్కాంతాల మోటారు) సీలింగ్ ఫాన్‌లో కూడా ఈ పొడి పెడితే ఎలా ఉంటుందని అడిగాడు. 350 ఆర్‌పీఎం, 14 పోళ్లు అంటే 41 హెర్ట్జ్. నష్టం తగ్గించుకోవడం కోసమైతే అక్కడ వద్దని నా మాటగా చెప్పు.

నీ మరకు నేను అనుకున్నది ఇది. ఇంట్లో అమ్మమ్మ తిరగలి గుర్తుందా? రెండు రాళ్లు, మధ్యలో సందు. మోటారును కూడా అలాగే బల్లపరుపుగా చెయ్యి. మధ్యలో కదలని స్టేటరు, దానికి రెండు పక్కలా అయస్కాంతాలు అతికించిన రెండు పళ్లేలు. అయస్కాంత రేఖలు ఇరుసు వెంట నడుస్తాయి. 20 పోళ్లు, స్టేటరులో తీగ చుట్టే ఇనప పళ్లు 18, 3000 ఆర్‌పీఎం. లెక్క వేస్తే 500 హెర్ట్జ్. మరకి అంత స్పీడు అక్కర్లేదు, బెల్టుతో తగ్గించుకోవచ్చు. ఇలాంటి పంటికి రేకులు పేర్చడం మహా తలనొప్పి. రేఖలు ఒక దిక్కున వచ్చి, మొహం దగ్గర విప్పుకుని ఇంకో దిక్కుకి తిరగాలి. రేకు మీదుగా పోతే సరే, రేకుకు అడ్డంగా పోతే సుడి కరెంటు పుట్టేస్తుంది. పొడికి దిక్కులు లేవు. ఎటు తిప్పినా ఒకటే ఇనుము. వేడి కూడా అన్ని వైపులకీ ఒకేలా పాకుతుంది. ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టిన యాసా మోటారు ఇలా పళ్లను వెనక కలిపే ఇనుము (యోకు) లేకుండా, పొడితో నొక్కిన విడివిడి పళ్లతోనే మొదలైంది.

నాలాంటి రాగితీగవాడికి ఎక్కువ నచ్చేది ఇంకొకటి ఉంది. రేకులతో పన్ను చేస్తే అది పలకలా పొడుగ్గా ఉండాల్సిందే. పొడితో అయితే గుండ్రంగా చేయొచ్చు. ఒకటికి మూడు నిష్పత్తిలో ఉన్న పలక పన్ను చుట్టూ ఒక చుట్టు తీగ వేయి. అంతే వైశాల్యం ఉన్న గుండ్రటి పన్ను చుట్టూ ఇంకో చుట్టు వేయి. గుండ్రటి దానికి సుమారు 23 శాతం తీగ తక్కువ పడుతుంది. ప్రతి చుట్టులోనూ అంతే. రాగి ధర ఎలా ఉందో తెలుసుగా. పైగా పదునైన మూల లేదు కాబట్టి ఎనామిల్ గీరుకుపోదు, కింద మందపాటి ఇన్సులేషన్ కాగితం అక్కర్లేదు, ఆ జాగాలో కూడా తీగే పడుతుంది. నష్టమంతా ఇనుములోనే చూడకు. ఇనుములో కాస్త పోయినా రాగిలో అంతకంటే ఎక్కువ దక్కితే మోటారు గెలిచినట్టే.

ఇక పన్ను గీసేటప్పుడు ప్రెస్సు ముందు నిలబడి ఉన్నట్టు ఊహించుకుని గియ్యి. 800 మెగాపాస్కల్ అంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు 8 టన్నులు. నీ పన్ను మొహం 8 చదరపు సెంటీమీటర్లయితే 65 టన్నులు. 100 టన్నుల ప్రెస్సులో వస్తుంది. స్టేటరంతా ఒకే ముక్కగా నొక్కుతానంటే ఎంత ప్రెస్సు కావాలో నువ్వే లెక్కేసుకో. ముక్కలు చేయడంలో ఉన్న సుఖం అది, ఒక్క డైతో పద్దెనిమిది పళ్లు. కానీ నీ పంటికి రెండు చివరలా అంచు ఉంది, నడుము సన్నం. అది డైలోంచి బయటికి రాదు. మధ్యకి కోసి, పుట్టగొడుగులా రెండు సగాలు నొక్కి ఎపాక్సీతో అతికించు. ఆ అతుకు దగ్గర వచ్చే సన్నటి సందు నీ 6 మిల్లీమీటర్ల ముందు లెక్కలోకి రాదు. గొడుగు అంచు మరీ పల్చన చేయకు, విరుగుతుంది. కాడ మరీ పొడుగు చేయకు. డై గోడల రాపిడి వల్ల లోపల పొడి సరిగ్గా నలగదు, సాంద్రత పడిపోతుంది. బాగా నలిగితే ఘనపు సెంటీమీటరుకు 7.4, 7.5 గ్రాములు వస్తుంది. ముక్క చేతికి రాగానే తూచి చూసుకో.

పంట్లో ఫ్లక్సు, అంటే అయస్కాంత రేఖల ఒత్తు, 1.2 టెస్లా దాటనివ్వకు. రేకుల అలవాటులో 1.6 అని రాసేస్తే తర్వాత ఆంపియర్లన్నీ ఇనుముని తోయడానికే పోతాయి.

బలం సంగతి మరవద్దు. సున్నుండ చూడు, గుప్పిట్లో నొక్కితే గట్టిగా ఉంటుంది, రెండు చేతులతో లాగితే రాలిపోతుంది. ఇదీ అంతే. నొక్కుడుకి ఓర్చుకుంటుంది, లాగుడుకి ఓర్చుకోదు. అందుకే తిరిగే భాగంలో వాడకు, స్టేటరులోనే ఉంచు. కన్నం వేసి బోల్టు బిగించకు. వెల్డింగు మాటే వద్దు. చుట్టూ పట్టీ వేసి నొక్కి ఉంచు.

మొదటి నమూనాకి డై చేయించడం దండగ కాబట్టి నొక్కిన దిమ్మ కొని లేత్ మీద తరుగుతావు. ఇక్కడ నేను పడ్డ దెబ్బ చెప్పాలి. నేను ఫ్యాక్టరీలో ఉన్నప్పుడు ఇలాంటి దిమ్మతోనే ఒక నమూనా చేశాం. తరిగాక పైభాగం అద్దంలా మెరిసింది, అందరం సంతోషపడ్డాం. టెస్టు చేస్తే నష్టం లెక్కకంటే చాలా ఎక్కువ వచ్చింది. పొడి బాగోలేదని రాసి పక్కన పెట్టేశారు. నాకు నిద్ర పట్టలేదు. మొద్దుబారిన పనిముట్టు పైపొరలోని రేణువులను పూసేసి, పూతలు చీల్చి, ఒకదానికొకటి కలిపేసిందని తర్వాత అర్థమైంది. కొత్త పదునుతో పల్చగా ఇంకో పొర తీస్తే పైభాగం మసగ్గా వచ్చింది, నష్టం తగ్గింది. కాబట్టి మెరుపు కనిపిస్తే అనుమానపడు. పనిముట్టు పదునుగా ఉండాలి, కోత లోతు తక్కువ ఉండాలి. గాలి సందు వైపు ఉండే మొహాన్ని వీలైతే అసలు తాకొద్దు.

చివరిగా మా షాపు వైపు నుంచి ఒక మాట. మోటారు కాలితే మావాళ్లు ఏం చేస్తారో నువ్వు చిన్నప్పటి నుంచి చూశావు. స్టేటరుని మంటలో పడేసి వార్నిష్ కాల్చి, ఉలీ సుత్తీ పెట్టి తీగ పీకుతారు. రేకులకే అది మంచిది కాదు. పొడి కోరుకైతే రేణువుల పూత మంటలో పోతుంది, మిగిలింది సుత్తి దెబ్బకి పగిలిపోతుంది. నీ మోటారు కొండ మీద కాలిందంటే నేరుగా మాలాంటి షాపుకే వస్తుంది, నిన్ను వెతుక్కుంటూ రాదు. కాబట్టి ప్రతి పన్నూ తన కాయిలుతో సహా విడిగా ఊడొచ్చేలా చెయ్యి. రెజిన్ అంతటా పోసి దిమ్మ చేయకు, పట్టీ మీదే ఆధారపడు. కాయిలు బాబిన్ (దారపు రీలు లాంటిది) మీద చుట్టు, పన్ను మీద నేరుగా చుట్టకు. అప్పుడు చెడ్డ పన్ను తీసి కొత్తది పెట్టడం మా కుర్రాడు కూడా చేయగలడు. మూత లోపల ఒక రేకు మీద ఒడియాలోనూ తెలుగులోనూ 'మంట పెట్టవద్దు' అని గుద్దించు.

దసరాకి వచ్చేటప్పుడు నువ్వు కొన్న దిమ్మలోంచి ఒక రింగు కోయించి తీసుకురా. బయట 60, లోపల 50, ఎత్తు 6 మిల్లీమీటర్లు చాలు. దాని మీద రెండు వైండింగులు నేనే చుడతాను. 50 నుంచి 600 హెర్ట్జ్ దాకా నష్టం కొలిచి, ఆ అంకెలతోనే నీ బొమ్మ మళ్లీ గీద్దాం. తీగ తెచ్చి ఉంచాను.

ఇట్లు,
మీ మావయ్య