సమాచారం అరకొరగా ఉన్నప్పుడు కంప్యూటర్ తన నిర్ణయానికి కారణం చూపగలదా?

చూపగలదు, వాదనలనూ ఏది దేన్ని ఖండిస్తుందో కూడా విడివిడిగా రాసి ఇస్తే. 1995లో కంప్యూటర్ శాస్త్రవేత్త ఫాన్ మిన్ డుంగ్ ఇందుకో చట్రం ప్రతిపాదించారు. అందులో అతి జాగ్రత్తగా సాగే లెక్క ఇది: ఖండన లేని వాదన నిలుస్తుంది, అది ఖండించినవి పడిపోతాయి, తమను ఖండించినవన్నీ పడిపోయిన వాదనలు మళ్లీ లేస్తాయి. మార్పు ఆగేదాకా ఇదే తిప్పాలి.

'ఇన్‌ఫెక్షన్ ఉంది, పెన్సిలిన్ ఇవ్వాలి' మొదటి వాదన. 'పాత రికార్డులో పెన్సిలిన్ అలర్జీ అని ఉంది, ఇవ్వకూడదు' రెండోది, ఇది మొదటిదాన్ని ఖండిస్తుంది. తెలిసింది ఇంతే అయితే మొదటిది పడిపోతుంది, మందు ఆగుతుంది. 'తాజా పరీక్షలో అలర్జీ లేదని తేలింది' అనే మూడోది వచ్చి రెండోదాన్ని ఖండిస్తే మొదటిది లేస్తుంది. ఎందుకని అడిగితే ఆ ఖండనల వరసే జవాబు. అసలు చిక్కు ఖండనలు రాసుకోవడంలోనే ఉంది. ఒక్కటి మరిచినా తప్పు నిర్ణయానికి నున్నటి వివరణ వచ్చేస్తుంది.

ఎక్కువ వాదనలున్న పక్షమే గెలుస్తుందని చాలామంది అనుకుంటారు. ఇక్కడ ఓట్ల లెక్క లేదు: ఖండన లేని ఒక్క వాదన పదింటిని ఖండిస్తే పదీ పోతాయి. రెండు వాదనలు ఒకదాన్నొకటి ఖండించుకుని, మూడోది ఏదీ జోక్యం చేసుకోకపోతే, రెండూ 'తేలలేదు' కిందే మిగులుతాయి.