క్లిప్పులకు ముందు ఎక్స్‌రే

చిన్నీ,

కింది పళ్ళు పైపళ్ళకి ముందుకొస్తున్నాయని, నీ జీతంతో నువ్వే క్లిప్పులు వేయించుకుంటున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఫోటో అనగానే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే పిల్లవి, ఎంత సంతోషమేసిందో. కానీ "ఎక్స్‌రే అక్కర్లేదట, నోట్లో స్కాన్ చాలట" అన్నావట. నోట్లో కెమెరా తిప్పితే చిగురు పైనున్నదే కనబడుతుందే పిచ్చిదానా!

మీ వదినకి పదమూడేళ్ళప్పుడు పైన ఒకవైపు కోరపన్ను రాలేదు, పాలపన్నే ఉండిపోయింది. డాక్టరు ఓపీజీ, అంటే పళ్ళూ దవడలూ అన్నీ ఒకేసారి కనబడే ఎక్స్‌రే, తీయిద్దామన్నాడు. ఆడపిల్ల తలకి ఎక్స్‌రే ఏమిటని నేనే వద్దన్నాను. ఆయనా గట్టిగా పట్టుబట్టలేదు. క్లిప్పులు వేశారు. ఏడాది తిరిగేసరికి ఆ పక్క పన్ను వేలు పెడితే కదిలేది. అప్పుడు ఆ ఎక్స్‌రే తీయించాం. డాక్టరు ఫిల్ము కిటికీ వెలుగుకి పెట్టి చూపించాడు. కోరపన్ను అంగిట్లో అడ్డంగా పడుకుని ఉంది. దాని మొన తగిలినచోట పక్కపన్ను వేరు సగం లేదు, ఎలుక కొరికిన చెరుకుముక్కలా ఉంది. కరిగిన వేరు మళ్ళీ పెరగదు. ఆ పన్ను పీకేశారు. చిగురు కోసి, కోరపన్నుకి సన్న గొలుసు అంటించి నెలల తరబడి కిందికి లాగారు. తిరుగు బస్సులో నా ఒళ్ళో తల పెట్టి పడుకునేది. నన్ను ఒక్కమాట అనలేదు. అనుంటే బాగుండేది.

ఆ తర్వాత లెక్కలు నోటికి నేర్చుకున్నాను. ఒంటికి తగిలే రేడియేషన్‌ని మైక్రోసీవర్ట్‌లలో కొలుస్తారు, ఓపీజీకి సుమారు 5 నుంచి 25. ఊరికే కూర్చున్నా ప్రకృతి నుంచి ఏడాదికి సగటున 2,400 దాకా తగులుతూనే ఉంటాయి. దీనికా నేను భయపడింది!

నీకు ఓపీజీతోపాటు తలని పక్కనుంచి తీసే ఎక్స్‌రే, సెఫ్ అంటారు, అది కూడా అడుగు. కింది దవడే ముందుకు పెరిగిందా, పళ్ళే వాలాయా అన్నది దాన్ని కొలిస్తే తేలుతుంది. దవడదే తేడా అయితే ఒట్టి క్లిప్పులు చాలకపోవచ్చు, ఆపరేషన్ మాట రావచ్చు. అది డబ్బు కట్టకముందే తెలియాలి. నీ వయసులో చిగుళ్ళ కింద ఎముక తరిగిందేమో కూడా చూడాలి. సీబీసీటీ అనే త్రీడీ స్కాన్ తీయాలంటే మాత్రం ఎందుకని అడుగు, దానికి మోతాదు ఎక్కువ. పాత ఎక్స్‌రేలుంటే పట్టుకెళ్ళు.

ఏమైనా విశేషముంటే ముందే చెప్పు, సిగ్గుపడకు. నాకు కాదు, డాక్టరుకి. సరే, నాకూ చెప్పు.

కమ్మలు, గొలుసు, ముక్కుపుడక తీసి రమ్మంటారు. పుడక స్క్రూ బిగిసిపోయుంటే ముందురోజు రాత్రి కొబ్బరినూనె చుక్క వేసి మెల్లగా తిప్పు. అది మా అమ్మది, కాగితంలో చుట్టి పర్సులో పెట్టుకో.

మీ అత్తయ్య