వారసత్వంగా వచ్చిన పాత కారు: బాగుచేయించి అమ్మాలా, ఉన్నదున్నట్టుగా అమ్మాలా?

మీ తండ్రిగారి నుంచి సంక్రమించి, ఇరవై ఏళ్లుగా షెడ్డులో కదలకుండా ఉన్న కారును బాగుచేయించి అమ్మాలా, అలాగే అమ్మాలా అని అడిగారు. ఉన్నదున్నట్టుగానే అమ్మమని నా సలహా. పూర్తి పునరుద్ధరణకు పెట్టిన ఖర్చు అమ్మకంలో తిరిగి రావడం అరుదు. పైగా అసలు రంగు, అసలు సీటు గుడ్డ ఒకసారి పోతే మళ్లీ రావు కనుక, వాటి కోసమే వెతికే కొనుగోలుదారులను మీరు పోగొట్టుకుంటారు.

ముందుగా వారసత్వ పత్రాలు పూర్తిచేసి, యాజమాన్యాన్ని మీ పేరుకు మార్పించుకోండి. ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు పత్రాలతో సరిపోతున్నాయో చూడండి.

ఉత్సాహం కొద్దీ ఇంజిన్‌ను మాత్రం స్టార్ట్ చేయకండి. చాలామంది మొదట చేసే పొరపాటు ఇదే. నిలవ పెట్రోలు జిగురుగా మారి, ఇంజిన్‌కు పెట్రోలును గాలితో కలిపి అందించే కార్బురేటర్‌ను మూసేస్తుంది, తుప్పు పట్టిన సిలిండర్లలో పిస్టన్ రింగులు విరిగిపోవచ్చు. స్పార్క్ ప్లగ్గులు తీయించి, సిలిండర్లలో కొద్దిగా నూనె పోసి, ఒకటి రెండు రోజులు నాననిచ్చిన తర్వాత, పిస్టన్ల కదలికతో తిరిగే ఇంజిన్ ఇరుసైన క్రాంక్‌షాఫ్ట్‌ను చేత్తో తిప్పించి చూడండి. అది తిరిగితే ఇంజిన్ బిగుసుకుపోలేదని తేలి, బేరంలో మీ మాటకు బలం వస్తుంది.

తుప్పును దాచవద్దు. తలుపుల కింది అంచులను, నేల రేకును, బ్యాటరీ కింది భాగాన్ని దగ్గరగా ఫొటోలు తీయండి. ఉక్కు రేకు ఉండవలసిన చోట అయస్కాంతం అంటుకోకపోతే తుప్పు తిన్న చోటును పూడ్చిన పుట్టీ లోపల ఉందని అనుభవజ్ఞుడు క్షణంలో పట్టేస్తాడు. షెడ్డు మూలల్లో పడి ఉన్న హబ్ క్యాపులు, దీపాల అద్దాలు, పాత సర్వీసు రసీదులు ఏరి కారుతోపాటే ఇవ్వండి. ధరను మాత్రం మొదట తలుపు తట్టిన వ్యాపారి మాటను బట్టి కాక, ఆ మోడల్ బాగా తెలిసిన, కొనే ఉద్దేశం లేని వ్యక్తి చూశాకే నిర్ణయించండి.